నేతగారికి దిష్టి తీసిన శుక్రవారం

ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేతికి రాగానే మా కోనసీమ కుర్రాళ్ళు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. "అంకుల్, గల్ఫ్ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?" అంటారు. నిప్పు పుట్టాలంటే మూడు కావాలి, ఇంధనం, వేడి, ప్రాణవాయువు అని అందరూ గడగడా అప్పజెబుతారు. పుస్తకంలో అంతే ఉంది మరి. ఖతర్‌లో పనిచేసిన రోజుల్లో నేను నాలుగోది కూడా చూశాను. నాయకుడి రాక. దాన్ని ఏ సిలబస్‌లోనూ చేర్చలేదు గనక ఇక్కడ రాసిపెడుతున్నాను. పేర్లు మాత్రం అడక్కండి. అందులో ఒకాయన ఇప్పుడు బాగా పైకొచ్చారు, నాకేమో బీపీ ఉంది.

వరల్డ్ కప్ వస్తోందని దేశం దేశమంతా తవ్వి పోసుకుంటున్న కాలం అది. స్టేడియాల చుట్టూ పచ్చగా కనిపించాలని చెట్లు పెంచే కంపెనీ మాది. దోహా దాటి ఉత్తరంగా వెళ్తే ఇసుక మధ్యలో మా నర్సరీ. ఖర్జూరాలు, వేపలు, సిద్ర చెట్లు. సిద్ర అంటే కంగారు పడకండి, మన రేగుచెట్టుకి దగ్గర బంధువే. ఆ చెట్లకీ మనుషులకీ నిప్పు తగలకుండా చూడటం నా ఉద్యోగం. నీళ్ళూ ఇసుకా తప్ప ఇంకేం లేని చోట ఫైర్ ఆఫీసర్ ఏం చేస్తాడని మా ఆవిడ ఫోన్లో నవ్వేది. ఏం చేస్తానంటే, ఒక కుప్పకి కాపలా కాస్తాను. నరికిన ఖర్జూర మట్టలన్నీ ఎండబెట్టి, మరలో వేసి ముక్కలు చేసి, చెట్ల మొదళ్ళలో పరిచేవాళ్ళం. ఆ ఎండు మట్టల కుప్ప నర్సరీ నడిమధ్య, రెండు బాటలు కలిసే చోట, ఇల్లంత ఎత్తున ఉండేది. దాన్ని అవతలికి మార్చండి మహాప్రభో అని ప్రతి మీటింగులోనూ మొత్తుకున్నాను. మారుస్తాం అన్నారు. అక్కడ ఆ మాటకి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక చేసేది లేక గేటు దగ్గరే లైటర్లు, అగ్గిపెట్టెలు లాక్కునే పద్ధతి పెట్టాను. పొగ తాగేవాళ్ళకి దూరంగా ఒక రేకుల షెడ్డు, అందులో ఇసుక బకెట్టు, గొలుసుతో కట్టేసిన ఒకే ఒక్క లైటరు. ఆ గొలుసు చూసి జనం నాకు పెట్టిన పేర్లు ఇక్కడ రాయలేను.

ఆ చలికాలం మా మేనేజరు మనిషిలా లేడు. ఆయనది ఆస్ట్రేలియా. మనకి చలి పడుతుంటే వాళ్ళకి నడివేసవి. ఆ ఏడాది అక్కడి అడవులు ఆరకుండా తగలబడుతున్నాయి. ఆయన తమ్ముడి గొర్రెల ఫారం దగ్గరికి మంటలు వచ్చేశాయట. పొద్దస్తమానం ఫోను చూసుకునేవాడు. చూసి, తమ్ముడి కబురు కన్నా ముందు వాళ్ళ రాజకీయ నాయకుల మాటలు కంటపడి ఒళ్ళు మండి ఫోను బల్ల మీద కొట్టేవాడు. ఒక నాయకుడు భూమి వేడెక్కడం వల్లే అంటాడు. ఇంకొకడు ఎవడో అగ్గిపుల్ల గీశాడంటాడు. మూడోవాడు పర్యావరణం వాళ్ళు అడవిలో ఎండుపుల్ల ఏరనివ్వలేదు, అందుకే అంటాడు. మా మేనేజరు రెండోవాడి పక్షం.

"నిప్పు దానంతటది పుట్టదు. ప్రతి నిప్పు వెనకా ఒక వెధవ ఉంటాడు. వాణ్ణి పట్టుకోవాలి" అనేవాడు నాతో. నేను ఫైర్ ఆఫీసర్ని గనక ఆ మాట నాతోనే అనేవాడు.

ఆ గొడవ మెస్సులోకీ వచ్చింది. టీవీలో మండే అడవులు, వాటి పక్కన అరిచే మనుషులు. మా వాళ్ళకి ఇంగ్లీషు అంతగా రాకపోయినా అది ఏ రకం అరుపో చూడగానే తెలిసిపోయింది. మా క్యాంప్ బాస్ కరీంనగర్ వైపు మనిషి. క్యాంపులో గదులు పంచడం, తగవులు తీర్చడం ఆయన పని. నాకన్నా ముందు వచ్చినవాడు, అందరికీ అన్న. పప్పు కలుపుకుంటూ ఆయన తీర్పు చెప్పేశాడు.

"గీళ్లు గూడ మనోళ్ల లెక్కనే ఉన్నరు సార్. ఇల్లు కాలుతుంటే నీళ్లు తేరు, నువ్వంటివెట్టినవంటే నువ్వంటివెట్టినవని కొట్లాడుతరు."

అంత తెలివిగా మాట్లాడినవాడు మరుసటి వారమే ఏం చేశాడో చూడండి.

క్యాంప్ బాస్‌కి ఒక కోరిక ఉండేది. తమ పార్టీకి ఖతర్ శాఖ అధ్యక్షుడు కావాలని. అది జీతం లేని పదవే, కానీ ఊరికి వెళ్ళినప్పుడు మెడలో కండువా ఉంటుంది. ఆ పదవి ఇప్పించగలిగిన నేత ఒకాయన గల్ఫ్ కార్మికుల కష్టాలు తెలుసుకోవడానికి పర్యటనకి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ దోహాలోని మదీనత్ ఖలీఫాలో బంధువుల విల్లాలో దిగి, మాల్స్‌లో కష్టాలు తెలుసుకుంటున్నారు. ఆయన్ని ఎలాగైనా మా నర్సరీకి తీసుకురావాలని క్యాంప్ బాస్ పట్టుపట్టాడు. మేనేజరు దగ్గరికెళ్ళి, మీటింగ్ కాదు సార్, మా నాయకుడికి చెట్లంటే ప్రాణం, ఒక మొక్క నాటి పోతాడంతే అని ఒప్పించాడు. వాతావరణం మీద మాట్లాడతాడని కూడా చెప్పాడట. మేనేజరు నిట్టూర్చి, మైకు వద్దని మాత్రం చెప్పి సంతకం పెట్టాడు.

శుక్రవారం అక్కడ సెలవు. మాకు ఆరాధన కూడా ఆ రోజే. ఆదివారం డ్యూటీకి వెళ్ళి శుక్రవారం చర్చికి వెళ్ళడం మొదట్లో వింతగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. కాబట్టి ఆ వేళ జరిగినదాంట్లో మొదటి సగం నేను తర్వాత విన్నది, రెండో సగం కళ్ళారా చూసినది.

నేతగారు చెప్పిన వేళకి రాలేదు. మధ్యాహ్నం అన్నం టైమూ దాటింది. వచ్చేసరికి మా వాళ్ళందరూ మంకీ క్యాపుల్లో, స్వెట్టర్లలో, ఆకలితో నిలబడి ఉన్నారు. క్యాంప్ బాస్ అల్ ముంతజాలోని మలయాళీ కొట్టు నుంచి పెద్ద బూడిద గుమ్మడికాయ తెప్పించాడు. ఆడవాళ్ళు లేని క్యాంపులో హారతైనా దిష్టైనా మగవాళ్ళే తీయాలి. గుమ్మడికాయకి కుంకుమ పెట్టి, పైన గంటు పెట్టి కర్పూరం వెలిగించాడు. మామూలు మనిషికైతే ఒకటి రెండు బిళ్ళలు చాలు. వచ్చినవాడు కాబోయే మంత్రి గనక ప్యాకెట్టు ప్యాకెట్టంతా గుమ్మరించాడు. గేటు దగ్గర లైటర్లు లాక్కునే సెక్యూరిటీవాడు దేవుడి పని కదా అని తన దగ్గరున్నది తనే ఇచ్చాడట!

మూడుసార్లు తిప్పి, ఆ మంటతోనే గుమ్మడికాయ ఎత్తుకుని బాటలు కలిసే చోటికి నడిచాడు. దిష్టి తీసినది దారులు కలిసే చోటే పగలగొట్టాలి కదా. మా నర్సరీలో దారులు కలిసేది ఒక్కచోటే. అక్కడ ఏముందో మీకు చెప్పాను. దభీమని నేలకేసి కొట్టాడు. కొట్టి, జనం వైపు నడుస్తూ గట్టిగా ఆజ్ఞ వేశాడు.

"ఎవ్వలు గూడ ఎనుకకు మర్రి సూడొద్దు! సూస్తే దిష్టి మనకే తాకుతది. సీదా నడువుండ్రి!"

సీదా నడిచారు. క్యాంప్ బాస్, నేతగారు, ఆయన కెమెరా అనుచరుడు, వెనక ఆకలి మీదున్న జనమంతా. నేతగారు సిద్ర మొక్కని నల్ల ప్లాస్టిక్ సంచితో సహా గుంటలో దింపి ఫోటో దిగారు. ఆ తర్వాత, వద్దన్న మైకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చింది.

సరిగ్గా అప్పుడు నేను చర్చి వ్యాను దిగాను. చేతిలో బైబిలు, కాళ్ళకి ఆదివారపు బూట్లు, అంటే శుక్రవారపు బూట్లు. గేటు లోపలికి వచ్చేసరికి నా కుప్ప మీద పొగ. ఇన్నేళ్ళుగా ఏది జరగకూడదని గొంతు చించుకున్నానో అదే. అయితే ఆ పొగ కన్నా నన్ను కొయ్యబార్చినది ఇంకొకటి. నలభైమంది మగవాళ్ళు మంటకి వీపులు పెట్టి, పటాలంలాగా బిగుసుకుని నిలబడి ఉన్నారు. మంట చిటపటలాడుతోంది. పొగ వాళ్ళ చెవుల పక్కనుంచి ముందుకి పోతోంది. ఒక్కడంటే ఒక్కడు తల తిప్పడు.

"వెనక్కి చూడండయ్యా! మంట! వెనక్కి చూడండి!" అని అరిచాను.

"సార్! మీరు అరువకుండ్రి సార్!" క్యాంప్ బాస్ కూడా తల తిప్పకుండానే జవాబిచ్చాడు. "దిష్టి తీసినం. సూడొద్దు!"

మంటకి ఎదురుగా ఉన్నవాడు నేతగారొక్కరే. ఆయనకి అన్నీ కనిపిస్తున్నాయి. కనిపిస్తే మైకు వదిలి పరిగెత్తుతాడు అనుకుంటాం మనం. నాయకుడు అలా చేయడు. ప్రసంగంలో వాతావరణ మార్పు దగ్గరే ఉన్నారాయన. చెయ్యి చాచి చూపించారు.

"అటు చూడండి సోదరులారా! నేను చెప్తున్నది ఇదే! ఆస్ట్రేలియాల అడవి కాలుతున్నది, ఈడ మీ కండ్ల ముంగట నర్సరీ కాలుతున్నది! భూమాత మండిపోతున్నది! చూడండి!"

ఎవరూ చూడలేదు. చలికి చేతులు చంకల్లో పెట్టుకున్నవాళ్ళు తీసి చప్పట్లు కొట్టారు.

నేను ఎక్స్‌టింగ్విషర్ అందుకుని పరిగెత్తాను. ఇల్లంత కుప్ప మీద ఆ సిలిండరు పొడి చల్లితే ఎంతవరకు ఆగుతుంది? గాలి తిరిగింది. పక్కన వరుసగా ఉన్న సిద్ర చెట్లు, ఆ ఏడాదే స్టేడియానికి వెళ్ళాల్సినవి, ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఇక నర్సరీ పోయినట్టే అనుకుని "ప్రభువా" అన్నాను. అప్పుడు వెనకనుంచి హారన్ కొట్టుకుంటూ మా నీళ్ళ ట్యాంకర్ వచ్చింది.

దాన్ని నడిపేవాడు జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. అందరూ ట్యాంకరన్న అనేవారు. మాటలు తక్కువ, బీడీలు ఎక్కువ. ఆయన తెచ్చేవి శుద్ధి చేసిన మురుగునీళ్ళు. చెట్లకి అవే పోస్తారక్కడ. అందువల్ల ఆయన పక్కన కూర్చుని ఎవరూ తినరు, మీటింగయినా ఆఖరి వరుసలో ఆయనొక్కడే నిలబడతాడు. ఆ సిద్ర చెట్లన్నిటికీ మొలకలప్పటినుంచీ నీళ్ళు పట్టింది ఆయనే. వాటితోపాటు స్టేడియానికి పనికి పంపమని మేనేజర్ని అడిగి, ఆ పిలుపు కోసం కాచుకుని ఉన్నాడు. వరల్డ్ కప్ అయ్యేదాకా చెట్ల దగ్గరే ఉంటానని, ఆటగాళ్ళని కాకపోయినా చెట్లు చూసే జనాన్నైనా చూస్తానని నాతో అన్నాడు ఒకసారి.

పైపు తిప్పాడు. ట్యాంకరంతా కుప్ప మీద గుమ్మరించాడు. గాలి ఇటు ఉంది గనక అందులో ఒక వంతు సభ మీద కూడా పడింది. మురుగునీళ్ళతో తడిసిన తర్వాత అప్పుడు తిరిగారండీ మా వీరులు వెనక్కి! నేతగారి తెల్ల లాల్చీ ఒంటికి అతుక్కుపోయి, కండువా మీసాల మీదకి వచ్చేసింది. మంట ఆరింది. కుప్పలో సగం బూడిద, సిద్ర చెట్లలో కొన్ని ఒక పక్కన కమిలిపోయాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. నా బూట్లు మాత్రం మళ్ళీ చర్చికి పనికిరాలేదు.

ఇక నిప్పు ఎందుకు పుట్టిందన్న చర్చ మొదలైంది. ఆస్ట్రేలియావాళ్ళని చూసి నవ్వాం కదా, ఇప్పుడు మా వంతు.

నేతగారు విల్లాకి వెళ్ళి బట్టలు మార్చుకోకముందే మన టీవీ ఛానల్‌తో ఫోన్లో మాట్లాడారు. ఎడారి దేశంలో వాతావరణ మార్పు వల్ల చెలరేగిన మంటల్ని తాను స్వయంగా ఆర్పానని చెప్పారు. రుజువు కావాలా? తడిసిన లాల్చీ. ఆ రాత్రి ఇంటి దగ్గర టీవీలో నాలుగు కిటికీల్లో నలుగురు కూర్చుని దీని మీద అరుచుకున్నారట. మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. ఎదుటి పార్టీవాడు ఆయన కాలు పెట్టినచోటల్లా అంతే అన్నాడు. ఆయన పార్టీవాడు కుట్ర అన్నాడు. "మీ నర్సరీయేనా అండీ? ఎక్కడో పెద్ద అడవి చూపిస్తున్నారు" అంది మా ఆవిడ. అవి ఆస్ట్రేలియా బొమ్మలు.

క్యాంపులో ఇంకో పక్షం తయారైంది. ట్యాంకరన్న వెనక్కి తిరిగి చూశాడు, దిష్టి తిరగబడింది, అందుకే మంట లేచింది అని. మంట లేచింది గనక చూశాడా, చూశాడు గనక మంట లేచిందా అని నేను ఓపిగ్గా అడిగాను. రెండోదే అన్నారు. అసలే దూరంగా కూర్చోబెట్టే మనిషి దగ్గర్నుంచి ఇప్పుడు పూర్తిగా జరిగి కూర్చున్నారు.

మా మేనేజరుకి మాత్రం వెతకబోయిన వెధవ కాలికి తగిలాడు. కుప్ప దగ్గర బూడిదలో ఒక బీడీ దొరికింది. ముట్టించిన బీడీ కాదు, తడిసి ముద్దయిన బీడీ. నేనెంత చెప్పినా ఆయన వినలేదు. ఆ శుక్రవారమే ఆయన తమ్ముడి గొర్రెల కొట్టాలు కాలిపోయాయి. అది తెలిసిన మనిషితో బీడీ గురించి వాదించడం ఎలాగో చెప్పండి.

"అందరూ అటు చూస్తున్నారు. ఇతనొక్కడే అక్కడున్నాడు. బీడీ ఇతనిది. ఇంకేం కావాలి?" అన్నాడు.

హెచ్చార్ వాళ్ళు ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు రెడీ చేయడం మొదలుపెట్టారు. వీసా రద్దు, సామాను సర్దుకో, విమానం ఎక్కు. విచారణ పేరుకి ఒకటి పెట్టారు, ముషైరిబ్‌లోని హెడ్డాఫీసులో.

నేను ట్యాంకరన్న గదికి వెళ్ళాను. పెట్టె అప్పుడే మంచం మీదకి ఎక్కింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. బీడీ ముట్టించావా?"

"ముట్టియ్యలే సార్."

"మరి నువ్వొక్కడివే ఎందుకు తిరిగి చూశావు?"

"సూసిన సార్. కాలుతున్నది. బండి తెచ్చిన."

"అదే, ఎందుకు చూశావు?"

బీడీకట్ట తీసి, నేనున్నానని మళ్ళీ జేబులో పెట్టుకుంటాడు. ఎన్నిసార్లు అడిగినా అంతే. నిజం చెబుతున్నాను, నాకూ అనుమానం వచ్చింది. ఈ మనిషే చేశాడేమో అని ఆ రాత్రి పడుకున్నాను, కానీ నిద్ర పట్టలేదు. తెల్లారి లేచి చలిలో ఆ బూడిద కుప్పలోకి దిగాను. పలుగుతో కదిపితే సగం ఉడికి సగం మాడిన గుమ్మడికాయ ముక్కలు, వాటి మీద కుంకుమ. వాటి కిందే మట్టలు ఎక్కువ కాలి ఉన్నాయి. ఆ ముక్కల్ని ప్లాస్టిక్ కవరులో వేసి, పైన సాక్ష్యం అని చీటీ అంటించాను. నా సర్వీసు మొత్తంలో అంత సంతోషంగా ఏ కవరూ కట్టలేదు.

ముషైరిబ్ ఆఫీసు అద్దాల మేడ. పద్దెనిమిది డిగ్రీల ఏసీ. బల్లకి ఒక వైపు మేనేజరు, హెచ్చార్ అమ్మాయి. ఇటు నేను, క్యాంప్ బాస్, తలొంచుకుని ట్యాంకరన్న. నేనే దుబాసీ కూడా. బల్ల మీద నా గుమ్మడికాయ. వాసన గదంతా కమ్ముకుంది. హెచ్చార్ అమ్మాయి ముక్కు మూసుకుని, ఎవరైనా వంట చేశారా అని అడిగింది.

ముందు సాక్షుల మాటలు చదవమన్నాడు మేనేజరు. చదివాను. నలభైమందీ చెప్పింది ఒకటే. నేను వెనక్కి చూడలేదు. నేను వెనక్కి చూడలేదు. నేను కూడా చూడలేదు.

"ఆపు" అన్నాడు మేనేజరు. "ఎందుకు చూడలేదు?"

పిల్లలూ, మీరు ఇంటర్వ్యూలకి ఎన్నో చదువుకుని వెళతారు. దిష్టి అంటే ఏమిటో ఇంగ్లీషులో ఒక ఆస్ట్రేలియావాడికి చెప్పడం మాత్రం ఎక్కడా నేర్పరు. పదిమంది కళ్ళు పడితే మనిషికి చెడు జరుగుతుందండీ, ఆ కళ్ళ చెడుని గుమ్మడికాయలోకి ఎక్కిస్తామండీ, నిప్పు పెట్టి పగలగొడతామండీ, తర్వాత అటు చూడకూడదండీ అని చెమటలు కక్కుతూ చెప్పాను. నేను క్రైస్తవుణ్ణి, మా ఇంట్లో కూడా పిల్లలకి జ్వరం వస్తే మా అమ్మ ఉప్పు తిప్పి పడేసేది, కాబట్టి మనసుపెట్టే చెప్పాను.

"ఎవరికి తీశారు?"

"నాయకుడికి."

"ఎవరు?"

నేను క్యాంప్ బాస్ వైపు చూశాను. ఆయన గోడ మీది గడియారం వైపు చూస్తున్నాడు. మూడు రోజులుగా ట్యాంకరన్న ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్న మనిషి. ఆయన చెబితే కండువా పోతుంది, చెప్పకపోతే ట్యాంకరన్న ఉద్యోగం పోతుంది.

"గ్లోబల్ వార్మింగ్ సార్" అన్నాడు ఇంగ్లీషులో, మెల్లిగా. నేతగారు నేర్పిన మాట.

మేనేజరు తన కోటు కాలరు పట్టుకుని చూపించాడు. "జనవరి ఇది. నేను కోటు వేసుకుని కూర్చున్నాను." తర్వాత ట్యాంకరన్న వైపు తిరిగాడు. "ఇతన్ని అడుగు. అందరూ చూడకూడదన్నప్పుడు ఇతనెందుకు చూశాడు?"

అడిగాను. ట్యాంకరన్న తలెత్తాడు.

"సెప్తే గూడ పంపుతరు, సెప్పకున్నా పంపుతరు. సెప్తనే సార్. నాయకుడు మైకు పట్టిండు. అది ఇప్పట్ల ఒడువదని నాకు సమజైంది. బీడీ తాగబుద్ధయింది. అగ్గిపెట్టె మీరు గేటు కాడ గుంజుకున్నరాయె. కర్పూరం ఇంక మండుతుండొచ్చు, దానికి అంటుకుందమని ఎనుకకు మర్రి సూసిన. సూస్తే కుప్పే అంటుకున్నది. బీడీ ఆన్నే పారేసి ఉరికిన."

నేను నోరు తెరిచేలోపే మేనేజరు బల్ల మీద చరిచాడు. అన్నేళ్ళ గల్ఫ్‌లో ఆయనకి వచ్చిన హిందీ ముక్కల్లో బీడీ ఒకటి.

"బీడీ! బీడీ అన్నాడు!"

ఇక దాచడానికేం లేదు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. కుప్ప దగ్గర పొగ తాగబోయాడని కూడా చెప్పాను. మేనేజరు ఇంకో ప్రశ్న వేశాడు.

"ఆ గుమ్మడికాయ అక్కడ పగలగొట్టింది ఎవరో చూశాడా?"

"నేను జూడలే సార్" అన్నాడు ట్యాంకరన్న. "నేను ఆఖర్కున్న. ముంగట ఎవలేం జేసిండ్రో నాకెర్క లేదు."

పక్కా అబద్ధం. నిజం చెప్పి తన కొంప ముంచుకున్న నిమిషంలోనే, పక్కవాడి కోసం ఆడిన అబద్ధం. క్యాంప్ బాస్ కుర్చీలోంచి లేచాడు.

"నేను గొట్టిన సార్. నేనే. గీనె తప్పేం లేదు. నేనే కర్పూరం వెట్టిన, నేనే ఆడ పలగ్గొట్టిన, నేనే సూడొద్దన్న. పంపుతే నన్ను పంపుండ్రి." అని, అద్దాల మేడలో, హెచ్చార్ అమ్మాయి ముందు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ట్యాంకరన్న లేచి ఆయన భుజం పట్టుకుని "ఊకో అన్నా, ఊకో" అన్నాడు. నాకు కళ్ళద్దాలు మసకబారాయి. ఏసీ వల్ల అనుకున్నారు అందరూ.

మేనేజరు గుమ్మడికాయ కవరుని దగ్గరికి లాక్కుని చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో, తమ్ముడు గుర్తొచ్చాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆ చలికాలం మొత్తంలో ఆయన నవ్వడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని, "మా దేశంలో కూడా దీని కోసమే వెతుకుతున్నారు, ఎవరికీ దొరకలేదు" అని ఆ కవరు నా వైపు తోశాడు.

తర్వాత గంభీరంగా అయిపోయి శిక్షలు చెప్పాడు. క్యాంప్ బాస్‌ని పంపలేదు. ఆ ఏడాదంతా శుక్రవారాలు ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఆ బాటల దగ్గర కాపలా ఉండమన్నాడు. కుప్పని మాత్రం ఆ వారంలోనే అవతలికి మార్పించాడు. ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు చింపించాడు. ట్యాంకరన్నకి రెండు కాగితాలు తయారుచేయమని నాకు చెప్పాడు. ఒకటి, నిషేధించిన చోట పొగ తాగే ప్రయత్నం చేసినందుకు వార్నింగ్ లెటర్. రెండు, కంపెనీ ఆస్తిని కాపాడినందుకు ప్రశంసాపత్రం. ఒకే తేదీ, ఒకే సంతకం. నా ఉద్యోగంలో అలాంటి జంట నేను మళ్ళీ టైప్ చేయలేదు. నివేదికలో కారణం అన్నచోట ఏం రాశానని మీరు అడగొచ్చు. బహిరంగ మంట అని రాశాను. మిగతాదంతా మనసులో పెట్టుకున్నాను.

ట్యాంకరన్న చెట్లతోపాటు స్టేడియానికి వెళ్ళాడు. వరల్డ్ కప్ అయ్యేదాకా ఉన్నాడు. క్యాంప్ బాస్‌కి ఖతర్ శాఖ రాలేదు, మురుగునీళ్ళ సంగతి నేతగారు మర్చిపోలేదు. నేతగారికి మాత్రం ఎవరో పర్యావరణ మిత్ర అని బిరుదు ఇచ్చి శాలువా కప్పారు.

నేను రిటైరై వచ్చేశాక ఒకసారి జగిత్యాల వైపు పెళ్ళికి వెళ్ళి, ట్యాంకరన్న ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన పొలం పోయాడు. వాకిట్లో ఆయన భార్య ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చుట్టూ ఆకు, తంబాకు. నేను ఫలానా అనగానే లేచి కుర్చీ వేసింది. అక్కడ గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

"దుబాయ్ సేఫ్టీ సారా? కూసోండ్రి సార్. చాయ్ వెడ్త."

లోపల గోడ మీద దేవుడి పటాల పక్కన ఒక ఫ్రేము ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే నేను టైప్ చేసిన కాగితమే. వార్నింగ్ లెటర్. దానికి రోజూ పెట్టే పసుపు బొట్టు కూడా ఉంది. పాపం, ఇంగ్లీషు తెలియక తప్పు కాగితం కట్టించారు కాబోలని నొచ్చుకుని, మెల్లిగా అన్నాను.

"అమ్మా, ఇది కాదమ్మా. మెచ్చుకున్న కాగితం ఇంకొకటి ఉండాలి."

"అది పెట్టెల ఉన్నది సార్. నా కొడుకు సదివి జెప్పిండు, నాకెర్కనే." ఆమె చుట్టిన బీడీని దారంతో బిగించి చాటలో పడేసింది. "అది పెడితే ఈయన ఎచ్చులకు పోతడు. గిది పెట్టినంక మా ఇంట్ల బీడీ ముట్టియ్యలే."